మన వీధి, మన తగాదాలు, మన భద్రత: ఒడిశా సరిహద్దు పట్టణాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం లాంటి పట్టణాల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఒడియావాళ్లతో, ఆదివాసీలతో, ముస్లింలతో, బతుకుదెరువుకి వచ్చిన బయటివాళ్లతో గోడకి గోడ ఆనుకుని ఉంటున్నాయి. వీధి కమిటీ పెట్టాలనుకునేవాళ్లు, ఉన్నదాన్ని బాగుచేయాలనుకునేవాళ్లు, పక్కింటి గొడవతో నిద్ర కరువైనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో చట్టం చెప్పేది కొంత, మాకు అనుభవంలో పనికొచ్చింది కొంత. ఏది ఏదో విడివిడిగా చెప్పాం.

భద్రత చూడ్డం పోలీసుల పని కదా? మధ్యలో వీధివాళ్లెందుకు?

నేరం జరిగితే పట్టుకోవడం, కేసు కట్టడం పోలీసుల పనే. ఆ పని మనం నెత్తిన వేసుకోకూడదు కూడా. కానీ వీధిలో మనల్ని భయపెట్టేవి చాలావరకు కేసు దాకా వెళ్లని సంగతులు. నెలల తరబడి వెలగని స్తంభం లైటు, మూత లేని కాలువ, ట్యూషన్ నుంచి ఆడపిల్లలు వచ్చే దారిలో గుంపుగా నిలబడే కుర్రాళ్లు, మాటలు ఆగిపోయి రోజురోజుకీ ముదిరే రెండిళ్ల కక్ష. ఇవి ముందు వీధికే తెలుస్తాయి. వీధి కదిలితేనే సర్దుకుంటాయి.

గంజాం జిల్లా మగవాళ్లు పెద్ద సంఖ్యలో సూరత్ మగ్గాలకి వలస వెళ్తారన్నది అందరికీ తెలిసిందే. ఆడవాళ్లు, ముసలివాళ్లే ఇల్లు నడిపే చోట అర్ధరాత్రి ఎవరో తలుపు కొడితే ముందు పిలిచేది పక్కింటివాళ్లని. ఆ పక్కింటితో మాటలు లేకపోతే పిలుపు నోట్లోనే ఆగిపోతుంది.

జనాన్ని కలుపుకుని పోవడానికి ఒడిశా పోలీసులకి ‘ఆమ పోలీస్ సమితి’ అనే ఏర్పాటు ఉంది. మీ స్టేషన్ పరిధిలో అది ఎలా నడుస్తోందో వెళ్లి అడగండి. ఆంధ్ర వైపు సీఐ అన్నట్టు ఇక్కడ స్టేషన్ బాధ్యుణ్ణి ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్ ఛార్జ్) అంటారు. ఆయన్ని గొడవ వచ్చినప్పుడే కాకుండా మామూలు రోజుల్లో కూడా ఒకసారి కలిసి ఉంటే చాలా తేడా వస్తుంది.

పెద్దమనుషుల పంచాయితీ మనకి ఎప్పటినుంచో ఉంది. ఇందులో కొత్తేముంది?

పెద్దమనుషుల్లో మంచివాళ్లు ఉన్నారు. కోర్టు మెట్లెక్కకుండా ఎన్నో కుటుంబాలని కలిపినవాళ్లున్నారు. వాళ్లని తీసిపారేయమని ఎవరూ అనడం లేదు. అయితే పాత పంచాయితీ ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. అరుగు మీద కూర్చునేవాళ్లు నలుగురైదుగురు. అందరూ మగవాళ్లే. చాలాసార్లు ఒకే కులం, సొంతిల్లు ఉన్నవాళ్లు. తగాదా పడ్డ ఇద్దరిలో ఒకరు వాళ్లకి చుట్టమో అప్పున్నవాడో అయి ఉంటాడు. అద్దెకుండే మనిషి, వేరే భాష మనిషి, ఒంటరి ఆడమనిషి అక్కడ నిలబడి వింటారు తప్ప మాట్లాడరు. తీర్పు చెప్తారు, తప్పు కట్టమంటారు, కట్టకపోతే ఇంటికి మంచీ చెడ్డా మానేస్తారు.

ఇప్పుడు మనం చెప్పేది తీర్పు కాదు. గొడవపడ్డ ఇద్దరూ తమ నోటితో తాము ఒప్పుకునే దారి వెతకడం. మధ్యలో కూర్చున్నవాళ్లు తప్పు ఎవరిదో తేల్చరు, జరిమానా వేయరు, వెలివేయరు. ఒప్పుకోని మనిషి లేచి కోర్టుకి వెళ్లొచ్చు, దానికి ఎవరూ కోపం పెట్టుకోకూడదు. చెప్పడానికి తేలికే కానీ, పెద్దరికానికి అలవాటు పడ్డవాళ్లకి ఇది కష్టంగా ఉంటుంది. అయినా దీని దగ్గర రాజీ పడొద్దు. బలం ఉన్నవాడి మాట చెల్లి గొడవ ఆగిపోతే బయటికి శాంతిగానే కనిపిస్తుంది, లోపల మాత్రం ఓడినవాడి కడుపుమంట అలాగే ఉంటుంది.

కమిటీలో ఎవరెవరు ఉండాలి?

మీ వీధిలో ఎవరి మాట ఇప్పటిదాకా ఎవరూ అడగలేదో ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. అద్దెకుండేవాళ్లు, పారిశుద్ధ్య పని చేసేవాళ్లు, తోపుడు బండివాళ్లు, హాస్టల్ పిల్లలు, వికలాంగులు, హిజ్రాలు, సూరత్ వెళ్లినవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు. తెలుగువాళ్ల వీధి అని పేరున్నా అందులో ఒడియా కుటుంబాలు తప్పకుండా ఉంటాయి. వాళ్లు లేని కమిటీ తెలుగు సంఘం అవుతుంది కానీ వీధి కమిటీ కాదు. ఒడియా వీధిలో మనం పది ఇళ్లవాళ్లమైతే అక్కడా ఇదే లెక్క.

సగం మంది ఆడవాళ్లు ఉండాలి అని మేం గట్టిగా చెప్తాం. మిషన్ శక్తి గ్రూపులు, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘాలు, దాదాపు ప్రతి బస్తీలో ఉన్నాయి. లెక్కలు రాయడం, మీటింగు నడపడం, బ్యాంకుకి వెళ్లి మాట్లాడటం వాళ్లకి చేతనైన పని. కొత్తగా ఎవరినో వెతికే ముందు వాళ్లని అడగండి. మురికివాడల్లో అయితే 2017లో ఒడిశా చేసిన మురికివాడల భూహక్కుల చట్టం తర్వాత, జాగా మిషన్ కింద నివాసుల సంఘాలు ఏర్పడ్డాయి. ఉన్న సంఘాన్ని పక్కన పెట్టి మరోటి పెడితే మొదటి తగాదా ఆ రెండిటి మధ్యే వస్తుంది.

కార్పొరేటర్ లేదా కౌన్సిలర్‌ని పిలవండి, మాట్లాడనివ్వండి, కానీ అధ్యక్షుణ్ణి చేయొద్దు. ఎన్నికల్లో ఆయన ఓడిపోతే కమిటీ కూడా ఓడిపోతుంది.

ఆడవాళ్లు మీటింగుకి రమ్మంటే రారు. ఏం చేయాలి?

మీటింగు ఎన్నింటికి పెట్టారు? ఎక్కడ పెట్టారు? రాత్రి ఎనిమిదింటికి క్లబ్ ఘర్‌లో పెడితే వంట వదిలేసి మగవాళ్ల మధ్యకి ఎవరొస్తారు? మధ్యాహ్నం మూడింటికి అంగన్‌వాడీ వరండాలో పెట్టి చూడండి. పిల్లల్ని తీసుకురమ్మని చెప్పండి. వచ్చిన మొదటి రోజే మైకు ఇచ్చి మాట్లాడమనొద్దు. ముందు ఆడవాళ్లు విడిగా కూర్చుని మాట్లాడుకోనివ్వండి, వాళ్లలో వాళ్లే ఎంచుకున్న ఇద్దరు తర్వాత అందరిలో చెప్తారు.

‘భద్రత నడక’ అంటే ఏంటి? ఎలా చేయాలి?

వీధివాళ్లే కొందరు కలిసి చీకటి పడ్డాక తమ వీధిలో నడుస్తూ ఎక్కడ భయం వేస్తోంది, ఎందుకు వేస్తోంది అని రాసుకోవడం. ఈ పద్ధతి 1989లో కెనడాలోని టొరంటోలో ఆడవాళ్ల మీద హింసకి వ్యతిరేకంగా పనిచేసే ఒక సంస్థ మొదలుపెట్టింది. తర్వాత చాలా దేశాలకి పాకింది. మన దేశంలో ఢిల్లీలోని జాగోరి సంస్థ దీన్ని చేసి చూపించింది. ఐక్యరాజ్య సమితి ఆవాస విభాగం 1996లో మొదలుపెట్టిన సురక్షిత నగరాల కార్యక్రమం కూడా దీన్ని బాగా వాడుకుంది.

ఖర్చేమీ లేదు. ఎనిమిది, పది మంది చాలు. అందులో ఒక చదువుకునే ఆడపిల్ల, కర్ర పట్టుకుని నడిచే ఒక ముసలాయన లేదా ముసలమ్మ, చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే వాళ్లు, తెల్లవారకముందే పనికి వెళ్లే ఒక మనిషి తప్పకుండా ఉండాలి. దారి ఒక్కటే అయినా ఒక్కొక్కరికి ఒక్కో చోట కాలు ఆగుతుంది. మగవాళ్లు గమనించకుండా దాటిపోయే మూల దగ్గర ఆడపిల్ల ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుంటుంది. ఎందుకని అడిగితే అక్కడ లైటు లేదనో, అక్కడ కూర్చునేవాళ్లు మాటలంటారనో చెప్తుంది. అదే రాసుకోవాలి.

ఏం చూడాలంటే, లైటు ఉందా, ఉంటే చెట్టు కొమ్మ అడ్డు వస్తోందా. ఎవరైనా కేక వేస్తే వినిపించేంత దూరంలో ఇల్లో కొట్టో తెరిచి ఉందా. తప్పించుకుని వెళ్లడానికి రెండో దారి ఉందా, గోడలేనా. కాలువ మూతలు ఉన్నాయా. మరుగుదొడ్డికి బయటికి వెళ్లాల్సినవాళ్లు ఏ దారిన వెళ్తున్నారు. మందు కొట్టు ముందు రాత్రి తొమ్మిది తర్వాత ఎలా ఉంటోంది. రైలు పట్టాలు దాటే చోట, బస్టాండ్ వెనక సందు, పాడుబడ్డ క్వార్టర్లు. ఒకసారి కరెంటు ఉన్నప్పుడు, ఒకసారి లేనప్పుడు నడిస్తే ఇంకా మంచిది. బరంపురం, గోపాల్‌పూర్ ప్రాంతంలో తుఫాను కాలంలో కరెంటు పోవడం మామూలే కదా.

రాసిన కాగితం ఇంట్లో పెట్టుకుంటే ఉపయోగం లేదు. స్తంభం ఎక్కడుందో గుర్తులతో సహా రాసి కార్పొరేషన్‌కో మున్సిపాలిటీకో ఇచ్చి రసీదు తీసుకోండి. పని కాకపోతే కలెక్టర్, ఎస్పీ కలిసి కూర్చునే సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లొచ్చు, ఒడిశా ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే జన సునాణి పోర్టల్‌లో పెట్టొచ్చు. మూడు నెలల తర్వాత అదే దారిలో మళ్లీ నడవండి.

ఇవన్నీ ఎందుకు, నాలుగు సీసీ కెమెరాలు పెడితే పోదా?

దొంగతనం జరిగాక ఎవరొచ్చారో చూడ్డానికి కెమెరా పనికొస్తుంది. ఆడపిల్లని ఎవరో వెంటాడుతున్నప్పుడు కెమెరా బయటికొచ్చి అడ్డం నిలబడదు. పెట్టాలనుకుంటే పెట్టండి కానీ ఎవరింటి గుమ్మం వైపు తిప్పకుండా, రికార్డు ఎవరి దగ్గర ఉంటుందో, ఎన్ని రోజులు ఉంటుందో అందరికీ చెప్పి పెట్టండి. ప్రేమించుకున్న పిల్లల్ని పట్టుకోవడానికి కెమెరాని వాడిన వీధి ఎవరికీ భద్రమైన వీధి కాదు.

కుళాయి దగ్గర, బండి పెట్టే చోట, మురుగు కాలువ దగ్గర వచ్చే గొడవలు ఎలా సర్దాలి?

ఒక ఉదాహరణ అనుకుందాం. వరస ఇళ్లలో ఒక్కటే మున్సిపల్ కుళాయి. తెల్లవారుజామున గంటసేపు నీళ్లు. తెలుగు ఇంటావిడ బిందెలు ముందు రోజు రాత్రే వరసలో పెడుతుంది. అద్దెకొచ్చిన ఒడియా కుటుంబంలో ఆవిడ డ్యూటీకి పోవాలి, బిందెలు జరిపి ముందు పట్టుకుంది. మాటా మాటా పెరిగి భాష మీదికి, పుట్టుక మీదికి పోయింది. సాయంత్రానికి మగవాళ్లు దిగారు.

ఇలాంటప్పుడు అదే రోజు ఇద్దర్నీ అందరి ముందూ నిలబెట్టొద్దు. అందరి ముందు ఎవరూ వెనక్కి తగ్గరు. ఇద్దరు మనుషులు, ఒకరు తెలుగు, ఒకరు ఒడియా, కనీసం ఒకరు ఆడమనిషి, ముందు విడివిడిగా ఇళ్లకి వెళ్లాలి. ‘ఏమైంది వదినా, మొదట్నుంచి చెప్పండి’ అని అడిగి ఊరుకోవాలి. మధ్యలో ఆపకూడదు, సలహా ఇవ్వకూడదు. అరగంట పట్టినా పట్టనివ్వండి. అవతలివాళ్ల దగ్గర విన్నది ఇక్కడ, ఇక్కడ విన్నది అక్కడ చెప్పకూడదు. ఇది తప్పారంటే మీ పని అక్కడితో ఆఖరు.

విన్నాక అసలు సంగతి బయటపడుతుంది. ఒకావిడకి కావల్సింది డ్యూటీకి ముందు రెండు బిందెల నీళ్లు. ఇంకొకావిడకి కావల్సింది ‘బయటి నుంచి వచ్చిన నువ్వు’ అన్న మాట వెనక్కి తీసుకోవడం, ఎందుకంటే తాతల నాటి నుంచి తామిక్కడే ఉన్నా ఆ మాట ఆవిడ చాలాసార్లు పడింది. నీళ్ల సంగతికి టైము సర్దితే సరిపోతుంది. మాట సంగతి నీళ్లతో తీరదు, దానికి విడిగా కూర్చోవాలి. చాలామంది మధ్యవర్తులు మొదటిది తేల్చి రెండోది వదిలేస్తారు, వారానికి మళ్లీ గొడవ మొదలవుతుంది.

రెండు మూడు రోజుల తర్వాత ఇద్దర్నీ కలపండి. ఎవరింట్లోనూ కాదు, ఒక పక్షం అడుగుపెట్టలేని గుడిలోనూ కాదు. స్కూలు వరండా, అంగన్‌వాడీ బాగుంటాయి. ఒప్పుకున్నది నాలుగు ముక్కల్లో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి చదివి వినిపించండి. ఇక్కడ పుట్టి ఒడియా మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట వస్తుంది, చదవడం రాదు. అందుకే చదివి వినిపించడం తప్పనిసరి. పదిహేను రోజులకి మళ్లీ వెళ్లి ఎలా ఉందని అడగండి.

ఇలా రాసుకున్న రాజీ కాగితానికి చట్టంలో విలువ ఉందా?

వీధిలో రాసుకున్న కాగితం మాట నిలబెట్టుకోవడానికి పనికొస్తుంది కానీ కోర్టు డిక్రీ కాదు. ఒకరు తప్పితే దాంతో నేరుగా అమలు చేయించలేరు.

బలం కావాలంటే లోక్ అదాలత్ ఉంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కోర్టులో కేసు వేయకముందు కూడా అక్కడికి వెళ్లొచ్చు. గోడ తగాదా, అప్పు తగాదా, ఇంటి అద్దె తగాదాల్లో ఇద్దరూ ఒక మాటకొచ్చాక దాన్ని లోక్ అదాలత్‌లో పెట్టించుకోవడం తెలివైన పని. గంజాంవాళ్లకి జిల్లా న్యాయ సేవా సంస్థ బరంపురంలో, గజపతివాళ్లకి పర్లాకిమిడిలో, కోరాపుట్‌వాళ్లకి జయపురంలో ఉంది. ఆడవాళ్లకి, పిల్లలకి, షెడ్యూల్డ్ కులాలు, తెగలవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టంలో బస్తీ తగాదాల కోసం విడిగా ఒక అధ్యాయమే పెట్టారు. ఒక ప్రాంతంలోని కుటుంబాల మధ్య శాంతి చెడగొట్టేలా ఉన్న తగాదాని, ఇద్దరూ ముందే ఒప్పుకుంటే, ముగ్గురు మధ్యవర్తుల దగ్గర సర్దుకోవచ్చని అందులో ఉంది. మధ్యవర్తుల పట్టీలో ఆడవాళ్లకి చోటు ఇచ్చే విషయం కూడా చూడాలని ఉంది. ఆ రాజీకి కూడా కోర్టు డిక్రీ విలువ ఉండదని చట్టమే చెప్పింది. అయితే 2023 అక్టోబరులో మొదటి విడతగా అమల్లోకి తెచ్చిన సెక్షన్లలో ఈ అధ్యాయం లేదు. కాబట్టి మీ జిల్లా న్యాయ సేవా సంస్థలో ఇప్పటి పరిస్థితి అడిగి తెలుసుకునే ముందుకెళ్లండి.

ఏ గొడవల్లో రాజీ చేయకూడదు?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. చిన్న దెబ్బలాట, తిట్టుకోవడం లాంటి కొన్ని నేరాల్లో బాధితులు ఒప్పుకుంటే రాజీకి చట్టమే దారి ఇచ్చింది. కానీ కొన్నిటి జోలికి కమిటీ అసలు పోకూడదు.

పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలి. పోక్సో చట్టం కింద తెలిసీ చెప్పకపోవడమే నేరం. ‘ఆడపిల్ల భవిష్యత్తు’ అంటూ డబ్బు ఇప్పించి నోరు మూయించే పెద్దలు ఉన్నారు. వాళ్లు కాపాడేది ఆ పిల్లని కాదు. అత్యాచారం, వరకట్న హింస, యాసిడ్ దాడి, ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల చట్టం కిందికి వచ్చేవి, అన్నీ అంతే. మొగుడు కొడుతున్నాడని ఆడమనిషి చెప్తే ‘సర్దుకుపో అమ్మా’ అనడానికి మనమెవరం? 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి ఉన్నారు, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రం జిల్లాలో ఉంది, స్టేషన్‌లో మహిళా శిశు డెస్క్ ఉంది. ఆమె ఎక్కడికి వెళ్తానంటే అక్కడికి తోడు వెళ్లడమే మన పని.

పెద్దవాళ్లయిన ఇద్దరు ఇష్టపడి పెళ్లి చేసుకుంటే దాన్ని ఏ కులపెద్దలూ అడ్డుకోకూడదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తేల్చి చెప్పింది. వెలివేయడం, అందరి ముందూ క్షమాపణ చెప్పించడం, కుల జరిమానాలు మీ కమిటీ గుమ్మం దాటి లోపలికి రాకూడదు.

చిల్లంగి, చేతబడి మాట. ఈ జిల్లాల్లో ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టడం, ఊళ్లోంచి తరమడం ఇప్పటికీ ఆగలేదు. పట్టణంలో కూడా జబ్బు నయం కాని ఇంట్లో ఎవరో ఒకరు పక్కింటి ముసలమ్మ పేరు ఎత్తుతారు. ఒడిశాలో 2013 నుంచి దీని మీద ప్రత్యేక చట్టం ఉంది. మనిషికి ఆ ముద్ర వేయడమే నేరం. ‘ఇద్దరినీ కూర్చోబెట్టి ప్రమాణం చేయిద్దాం’ అన్న మాట వినిపించిన వెంటనే 112కి ఫోన్ చేయండి, జబ్బు మనిషిని ఆసుపత్రికి పంపండి, ఆ ముసలమ్మ ఇంటి దగ్గర ఆ రాత్రి ఇద్దరు ముగ్గురు ఉండండి.

నాకు ఒడియా రాయడం రాదు. తెలుగులో ఫిర్యాదు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కష్టం చెప్పుకునే అర్జీని కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకోవచ్చు. స్టేషన్‌లో నోటిమాటగా చెప్తే వాళ్లు రాసుకుని చదివి వినిపించాలి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, నమ్మకస్తుణ్ణి పిలిచి చదివించుకోండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

ఇది హక్కు సంగతి. ఆచరణలో ఒడియా వచ్చిన మనిషి పక్కనుంటే పని త్వరగా అవుతుంది, కాబట్టి కమిటీలో అలాంటి ఇద్దరు ముగ్గురి పేర్లు అందరికీ తెలిసి ఉండాలి. మనం కూడా పక్కవాళ్ల భాషకి అదే గౌరవం ఇవ్వాలి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాళ్ల పిల్లలకి చదువు చెప్పాలని పాటుపడ్డారు. ఆ ఊరివాళ్లం సవర మనిషి తగాదా చెప్పుకోవడానికి వస్తే తెలుగులోనో ఒడియాలోనో చెప్పు అని గదమాయించడం న్యాయం కాదు.

గొడవ ఇచ్ఛాపురంలో జరిగింది, నేనుండేది బరంపురంలో. ఏ రాష్ట్రం పోలీసుల దగ్గరికి వెళ్లాలి?

ఎక్కడికైనా. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మీ దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. వాళ్లు నమోదు చేసి సరైన స్టేషన్‌కి పంపుతారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. రైల్లో జరిగితే 139కి కూడా చెప్పండి. ‘నమోదు చేసుకోం’ అని వెనక్కి పంపేస్తే ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపండి. గంజాం జిల్లాలో బరంపురానికి విడిగా ఎస్పీ ఉన్నారు, జిల్లా కేంద్రమైన ఛత్రపురం వైపు కాగితం పంపి ఎదురుచూడొద్దు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఊరేగింపులు, డీజేలు, రాత్రంతా మైకులు. అడిగితే దేవుడికి అడ్డం వచ్చామంటారు.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రని చూడండి. నెల రోజుల పాటు వీధులన్నీ జనంతో నిండిపోతాయి, ఒడియా, తెలుగు తేడా లేకుండా మొక్కులు తీర్చుకుంటారు, వేషాలు కడతారు. పండగ మనుషుల్ని కలుపుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? గొడవ పండగ వల్ల రాదు. దారి, టైము, శబ్దం ముందే మాట్లాడుకోకపోవడం వల్ల వస్తుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలకి ఏడాదిలో 15 రోజులకి మించకుండా రాత్రి పన్నెండు దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఇళ్లుండే చోట హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తారు.

పండగకి రెండు మూడు వారాల ముందే పూజా క్లబ్బులవాళ్లు, మసీదు, చర్చి పెద్దలు, ఆ దారిలో ఇళ్లున్నవాళ్లు, పోలీసులు కలిసి కూర్చోవాలి. ఊరేగింపు ఎక్కడ ఆగకూడదో, ఎక్కడ పాటలు ఆపాలో అక్కడే తేల్చాలి. వలంటీర్లని రెండు వైపుల నుంచీ కలిపి పెట్టండి. ఎవరి కుర్రాళ్లని వాళ్లు ఆపుకోవడం తేలిక.

వాట్సాప్‌లో వదంతి వచ్చింది. వీధి అంతా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

ముందు ఆ మెసేజ్ మీ దగ్గరే ఆపండి. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు వచ్చారన్న పుకార్లు తెలుగు రాష్ట్రాల్లోనూ దేశంలోని మరెన్నో చోట్లా పాకి, భాష రాని బాటసారుల్ని, బిచ్చగాళ్లని జనం కొట్టి చంపారు. ఆ ఏడాది జులైలోనే మూకదాడుల మీద ప్రతి జిల్లాలో ఒక నోడల్ అధికారి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో, ఐదుగురు లేక అంతకన్నా ఎక్కువమంది కలిసి కులం, పుట్టిన చోటు, భాష లాంటి కారణంతో చంపితే ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ ఉరి లేదా యావజ్జీవం. సరిహద్దు పట్టణాల్లో తెలియని భాష మాట్లాడే మనిషి రోజూ కనిపిస్తాడు. కొండల నుంచి సంతకి దిగిన సవర ఆడమనిషి కావచ్చు, ఆంధ్ర నుంచి వచ్చిన వ్యాపారి కావచ్చు.

వదంతి వచ్చాక కమిటీ పెడితే లాభం లేదు. మహారాష్ట్రలోని భివండీ కథ అందుకే చెప్పాలి. మన తెలుగు పద్మశాలీలు ఎందరో మరమగ్గాల పని కోసం వెళ్లి స్థిరపడ్డ ఊరది. 1970లో, 1984లో అక్కడ ఘోరమైన మత కలహాలు జరిగాయి. 1988లో పోలీసు అధికారిగా వచ్చిన సురేష్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించారు. నాయకుల్ని కాకుండా రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకునే మామూలు హిందువుల్ని, ముస్లింలని అందులో కూర్చోబెట్టారు. గొడవ లేని రోజుల్లో కూడా కుళాయి, దీపం, చిన్న తగాదాల మీద కలుసుకునేలా చేశారు. 1992-93లో దగ్గర్లోనే ముంబయి తగలబడుతుంటే భివండీ ప్రశాంతంగా ఉంది. ఫోన్ చేసి ‘నిజమేనా భాయ్’ అని అడగడానికి అవతలి వీధిలో మనిషి ఉన్నాడు, అదీ అసలు కారణం.

మీ కమిటీలో ప్రతి వీధికీ, ప్రతి భాషకీ అలా ఫోన్ చేయదగిన ఒక మనిషి పేరు రాసిపెట్టుకోండి. అనుమానం వచ్చిన కొత్త మనిషి దొరికితే నీళ్లిచ్చి కూర్చోబెట్టి 112కి చెప్పండి. కట్టేయడం, వీడియో తీయడం వద్దు.

తాగి గొడవ చేసే కుర్రాళ్లతో విసిగిపోయాం. నాలుగు తగిలిస్తే తప్పా?

తప్పే. రేపు వాళ్లు పదిమందితో వస్తారు. పేర్లు తెలిసిన కుర్రాళ్లే కదా. వాళ్ల అమ్మతోనో, వాళ్లు గౌరవించే అన్నతోనో పగటి పూట మాట్లాడించండి. కూర్చోడానికి చోటు లేకే చాలామంది చీకటి మూల చేరతారు. క్రికెట్‌కి ఖాళీ స్థలం, క్లబ్ ఘర్‌లో ఒక గది, పండగలో బాధ్యత ఇచ్చి చూడండి. బెదిరింపులు, ఆడపిల్లల్ని ఏడిపించడం అయితే ఈ ఓపిక అక్కర్లేదు, ఫిర్యాదు ఇవ్వండి.

కొట్ల ముందు తోపుడు బండ్లతో రోజూ తగువే. ఎవరు తేలుస్తారు?

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులు, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మీ మున్సిపాలిటీలో ఆ కమిటీ ఎప్పుడు కలిసిందో అడగండి. అది సరిగ్గా నడిస్తే ఈ తగువు మీ వీధి దాకా రాదు.

తుఫానుకీ దీనికీ సంబంధం ఏంటి?

2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచింది. అలాంటప్పుడు రోజుల తరబడి కరెంటు, నీళ్లు ఉండవు. ట్యాంకరు వచ్చిన చోట, టార్పాలిన్లు పంచే చోట గొడవలు అప్పుడే వస్తాయి. పంపిణీ వరస ఎవరితో మొదలవ్వాలో ముందే ఒప్పుకోండి. ఒంటరి ముసలివాళ్లు, బాలింతలు, మంచం మీద ఉన్నవాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో భద్రత నడకలోనే రాసుకోవచ్చు. షెల్టర్‌లో ఆడవాళ్లకి విడిగా చోటు, దీపం, గడియ ఉన్న మరుగుదొడ్డి ఉన్నాయో లేదో వానలకి ముందే చూసి రండి.

కమిటీకి డబ్బు వసూలు చేయొచ్చా?

బల్బుకి, కాగితాలకి కావల్సినంత, అందరికీ లెక్క చూపించి. తగాదా తీర్చినందుకు మాత్రం ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు, టీ కూడా ఒక పక్షం ఇంట్లో తాగొద్దు.

ఏ నంబర్లు గోడ మీద రాయాలి?

అత్యవసరానికి 112. ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098, పెద్దవయసువాళ్లకి 14567. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆన్‌లైన్ మోసానికి 1930, డబ్బు పోయిన వెంటనే చేస్తేనే ఆపే అవకాశం ఎక్కువ. వీటి కింద మీ స్టేషన్ నంబరు, వార్డు ఆఫీసు నంబరు. తెలుగులో, ఒడియాలో, పెద్ద అక్షరాల్లో, రాత్రి లైటు పడే గోడ మీద రాయండి. ఎవరి సొంత నంబరైనా రాయాలంటే వాళ్లని అడిగే రాయండి, ముఖ్యంగా ఆడవాళ్లది.